లారీ ఎక్కిన సామాను



ఇల్లు మారడమంటే మంచి రోజు చూసుకోవడం, పాలు పొంగించడం, పక్కింటివాళ్లకు చెప్పి రావడం. ఇవన్నీ మనకు తెలిసినవే. ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఈ రెంటికీ మధ్య, సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడమనే ఘట్టం ఒకటుంది చూశారూ, ఈ రోజుల్లో తగాదాలన్నీ అక్కడే. ఆ సంగతే ఇవాళ కాస్త వివరంగా చెప్పుకుందాం.

మన తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వాళ్లకు ఇది మరీ అవసరం. బెంగుళూరు మనకు మూడు నాలుగు గంటల ప్రయాణం. ఏ వీధిలో చూసినా ఇంటికొకరైనా అక్కడ ఉద్యోగంలో వుంటారు. బడులు మూసే వేసవి వచ్చిందంటే పిల్లల చదువుల కోసం అటు పోయే సామాను కొంత, రిటైరై సొంత ఊరు చేరుకునేవాళ్ల సామాను కొంత. కుప్పం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. బండి కాస్త దూరం పోతే రాష్ట్రం మారిపోతుంది.

పూర్వం ఇంత హంగామా లేదు. మదనపల్లె మార్కెట్టు నుంచి టమాటాలు వేసుకుని పోయిన లారీ ఖాళీగా తిరిగి వస్తుంటే, తెలిసిన డ్రైవరుకు చెప్పి సామాను వేయించుకునేవాళ్లు. పాత చీరల్లో గాజు సామాను చుట్టి, బియ్యం డబ్బాలో గ్లాసులు పెట్టి, మంచానికీ మంచానికీ మధ్య బొంత దూర్చి మనమే సర్దుకునేవాళ్లం. ఏదైనా పగిలితే మనల్ని మనమే తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు ప్యాకర్స్ అండ్ మూవర్స్ అని వచ్చారు. అట్టపెట్టెలు తెస్తారు, బుడగల కాగితం చుడతారు, నలుగురు కుర్రాళ్లు వచ్చి మధ్యాహ్నానికల్లా ఇల్లు ఖాళీ చేస్తారు. నడుము నొప్పి లేకుండా పని అయిపోతుంది. వాళ్లలో మంచి పనివాళ్లు లేరని నేననడం లేదు, చాలామంది వున్నారు. అయితే మంచివాళ్ల మధ్యలో దూరినవాళ్లను పోల్చుకోవడం ఎట్లా అన్నదే ప్రశ్న.

సెల్‌ఫోనులో వెతికి ఎక్కడో ఒక చోట మీ నెంబరు ఇచ్చారంటే చాలు, పది నిమిషాల్లో అయిదారుగురు ఫోను చేస్తారు. మీ నెంబరు తీసుకున్నవాడికి లారీలు వుండాలని లేదు. చాలాసార్లు వాడు మధ్యవర్తి, మీ నెంబరు నలుగురికి ఇచ్చి దానికి డబ్బు తీసుకుంటాడు. ఇంకొందరు పేరున్న కంపెనీ పేరుకు ముందో వెనకో ఒక మాట తగిలించుకుని బోర్డు కట్టేస్తారు. ఆ పేరు చూసి మనం అదే కంపెనీ అనుకుంటాం. ఒకడు 18 వేలంటాడు, ఒకడు 15 వేలంటాడు, మూడోవాడు 9 వేలకే చేసేస్తానంటాడు. మన చెయ్యి తొమ్మిది వేల మీదికే పోతుంది. కూరగాయల బండి దగ్గర బేరమాడి గెలిచిన చెయ్యి గదా! కానీ కూరగాయల దగ్గర బేరం కుదిరితే వాడి కాయ మన సంచిలోకి వస్తుంది. ఇక్కడ బేరం కుదిరితే మన సంచి వాడి లారీలోకి పోతుంది.

నాకు తెలిసిన ఒకావిడకు జరిగింది చెబుతాను. ఆవిడ పేరు వద్దు, కంపెనీ పేరూ వద్దు. భర్త రిటైరయ్యాక బెంగుళూరు నుంచి మదనపల్లెకు వచ్చేశారు. మాట్లాడుకున్నది 12 వేలు. అందులో 3 వేలు ముందే ఇచ్చారు. ఎక్కించేటప్పుడు అందరూ మర్యాదగానే వున్నారు, కాఫీలు కూడా తాగారు. సాయంత్రానికి రావలసిన లారీ రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఫోను వచ్చింది.

"అమ్మా, బండిని చెక్‌పోస్టులో ఆపేసినారు. ఈ-వే బిల్లు లేదంటున్నారు. ఇంకో 8 వేలు ఫోనుకు కొట్టండి, బండి కదుల్తాది."

ఆవిడ గట్టి మనిషి. "ఏ చెక్‌పోస్టు నాయనా? ఆఫీసరుకు ఫోనియ్యి, నేను మాట్లాడతా" అనింది. అవతల ఫోను పెట్టేశారు.

మర్నాడు లారీ వచ్చి వీధి చివర నిలబడింది. తలుపు తియ్యరు. ఇంకా 8 వేలు పడితేనే తాళం అంటారు. లోపల ఏమున్నాయి? అత్తగారి కాలం నాటి రుబ్బురోలు, ఇద్దరు పిల్లల సర్టిఫికెట్లున్న ట్రంకుపెట్టె, ఆయన గుండె జబ్బు మందులు. తక్కినవి ఒక పూట ఆగినా ఆగుతాయి. మందులు ఆగవు. లారీవాడికి ఆ సంగతి తెలియదు గానీ, తెలిస్తే 8 వేలు 16 వేలయ్యేవేమో!

ఆవిడ ఏం చేసిందంటే, ఆ 8 వేలు దేనికో బిల్లు రాసి ఇమ్మని అడిగింది. ఇవ్వలేదు. మాట ప్రకారం మిగిలిన 9 వేలు కంపెనీ బ్యాంకు ఖాతాకే పంపింది, డ్రైవరు ఫోనుకు కాదు. ఆ రశీదు, ముందు కుదుర్చుకున్న రేటు తాలూకు మెసేజీ రెండూ పట్టుకుని నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లింది. గంటలో తాళం వచ్చింది. విప్పి చూస్తే ఫ్రిజ్జు తలుపు సొట్ట, గ్రైండరు లేదు, ఒక అట్టపెట్టె లేదు. ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు ఈ ఈ-వే బిల్లు మాట. వ్యాపార సరుకుకు అది కావాలి. మనం వాడుకున్న సొంత సామానుకు, ఇంటి పాత్రలకు, మంచాలకు, బట్టలకు అది అక్కర్లేదని జీఎస్టీ రూల్సులోనే వుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. రవాణా శాఖవాళ్లో పోలీసులో లారీని ఆపితే ఆపవచ్చు. అది లారీ కాగితాల గొడవ, మన మంచం కోళ్ల గొడవ కాదు. ఆ జరిమానా మన నెత్తిన వేయడానికి వీల్లేదు.

ఎవరితో మాట్లాడుకుంటున్నామో ముందే తెలుసుకోవడానికి ఒక చిన్న కిటుకు వుంది. జీఎస్టీ నెంబరు అడగండి. అది 15 అక్షరాల నెంబరు. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. ఆంధ్రకు 37, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, తెలంగాణకు 36. ప్రభుత్వ జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నెంబరు కొడితే అది ఎవరి పేర వుందో, ఇంకా నడుస్తోందో లేదో కనిపిస్తుంది. మీ ఇంట్లో ఇంటరు చదివే పిల్లవాడు వుంటే రెండు నిమిషాల పని. నెంబరు ఒకరిది, బోర్డు ఇంకొకరిది అయితే ఆ బేరం అక్కడికి చాలించడమే మంచిది. బిల్లులో జీఎస్టీ అని డబ్బు వేసి, నెంబరు మాత్రం చెప్పనివాడి సంగతి వేరే చెప్పాలా?

ఇప్పుడు చట్టం సంగతి. బెదిరిపోకండి, వంటంత కష్టం కాదు. తెల్లవాళ్ల కాలంలో, 1865లో చేసిన క్యారియర్స్ చట్టం మన దేశంలో నూటనలభై ఏళ్లకు పైగా నడిచింది. దాని స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం చేశారు. అది 2011 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఊళ్లో అందరి సరుకూ కిరాయికి మోసేవాళ్లు ఈ చట్టం కింద రిజిస్టరు చేసుకోవాలి. ఇందులో మనకు కావలసినవి రెండు కాగితాలు. ఒకటి మనం రాసిచ్చేది, ఏ సామాను, ఎన్ని పెట్టెలు, విలువెంత అని. రెండోది వాళ్లు మనకిచ్చే రశీదు. లారీ రశీదు అనో, ఎల్.ఆర్. అనో అంటారు. ఈ రెండూ లేకుండా పెట్టె గడప దాటనియ్యకండి.

ఆ మొదటి కాగితంలో "విలువ" అనే గడి వుంటుంది. అక్కడే మనం దెబ్బ తినేది. "అమ్మా, విలువ తక్కువ రాద్దాం, మీకు ఇన్సూరెన్సు తగ్గుతుంది" అంటాడు సూపర్‌వైజరు. మనమూ నాలుగు వందలు మిగిలాయని సంతోషిస్తాం. ఆ చట్టం కింద చేసిన రూల్సు ప్రకారం సామాను పోయినా, పాడైనా మామూలుగా కంపెనీ ఇవ్వవలసింది కిరాయికి పది రెట్లు దాకానే. అదీ మనం రాసిన విలువకు మించకూడదు. ఎక్కువ విలువ చెప్పి, దానికి తగిన ఎక్కువ రేటు కడితే ఆ లెక్క వేరు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. కిరాయి 12 వేలు అయితే పది రెట్లు లక్షా 20 వేలు. విలువ గడిలో మీరు 20 వేలని రాశారనుకోండి, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, టీవీ మూడూ లోయలో పడ్డా మీకు వచ్చేది 20 వేలే. నాలుగు వందలు మిగుల్చుకుని లక్ష పోగొట్టుకున్నట్టు.

ఇన్సూరెన్సు అన్నాను గనక ఇంకో మాట. విలువలో నూటికి ఇంత అని ఇన్సూరెన్సు పేరుతో చాలామంది వసూలు చేస్తారు. ఏ ఇన్సూరెన్సు కంపెనీ, పాలసీ నెంబరు ఎంత అని అడగండి. కాగితం చూపిస్తే సరే. చూపించకపోతే అది ఇన్సూరెన్సు కాదు, వాళ్ల నోటిమాట. నోటిమాటకు డబ్బు కట్టడం ఎందుకు?

రశీదు వెనక చీమతలంత అక్షరాల్లో షరతులుంటాయి. "సామాను యజమాని బాధ్యత మీద" అని ఒకటి తప్పకుండా వుంటుంది. డ్రైవరు దాన్ని వేలితో చూపించి, మాకేం సంబంధం లేదంటాడు. నమ్మకండి. 2000లో నాథ్ బ్రదర్స్ ఎగ్జిమ్ కేసులో సుప్రీం కోర్టు ఈ ప్రశ్ననే చూసింది. ఆ మాట రాసుకున్నంత మాత్రాన రవాణాదారు తన నిర్లక్ష్యం బాధ్యత నుంచి తప్పించుకోలేడని చెప్పింది. అదే ఏడు పటేల్ రోడ్‌వేస్ మీద బిర్లా యమహా కంపెనీ వేసిన కేసులో ఇంకా మంచి మాట చెప్పింది. అక్కడ కాలిపోయినవి జనరేటర్లు. వాళ్లు ఫలానా తప్పు చేశారని సరుకు ఇచ్చినవాళ్లు నిరూపించనక్కర్లేదు, నిర్లక్ష్యం లేదని చూపించుకోవలసింది మోసినవాళ్లే, ఈ సూత్రం వినియోగదారుల కోర్టుల్లోనూ వర్తిస్తుంది అని తీర్పు. అంటే లారీలో ఏం జరిగిందో ఇంట్లో కూర్చున్న మనం చెప్పనక్కర్లేదన్నమాట.

కానీ అన్నీ మనవైపే అనుకోకూడదు సుమండీ. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ కేసు వుంది. కొరియరులో జర్మనీకి పంపిన కాగితాలు సమయానికి అందక ఆ కంపెనీ చాలా నష్టపోయింది. కొరియరు కాగితం మీద నష్టపరిహారం 100 డాలర్లకు మించదని రాసి వుంది, పంపినవాళ్లు దాని కింద సంతకం పెట్టారు. సుప్రీం కోర్టు ఆ సంతకానికే కట్టుబడమంది. 100 డాలర్లతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. కాబట్టి సంతకం చేసే ముందు కళ్లజోడు పెట్టుకుని చదవండి. "పెద్దయ్యగారు చేస్తార్లే" అని పక్కకు తప్పుకోకండి. సామాను ఏ పెట్టెలో ఏముందో ఇంట్లో తెలిసింది మీ ఒక్కరికే.

ఏ పెట్టెలో ఏముందో మీరే ఒక నోటుబుక్కులో రాసుకోండి. పెట్టెల మీద నెంబర్లు వేయించండి. ఫ్రిజ్జు, బీరువా, టీవీ నాలుగు పక్కలా ఫోటోలు తీయించండి, టీవీ వెలుగుతుండగా ఒక చిన్న వీడియో కూడా. నగలు, ఆస్తి కాగితాలు, సర్టిఫికెట్లు, మందులు లారీలో వేయకండి. అవి మీ వెంటే బస్సులో రావాలి. సామాను దిగాక "అన్నీ సరిగ్గా అందినవి" అని అచ్చువేసిన కాగితం మీద సంతకం అడుగుతారు. కుర్రాళ్లు తొందర పెడతారు, ఇంకో లోడు వుందంటారు. "పెట్టెలు విప్పి చూడలేదు" అని మీ చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి. కంటికి కనిపించిన సొట్టలు, పోయిన పెట్టెలు అక్కడే రాసేయండి.

స్కూటరు, కారు పంపేవాళ్లకు వేరే చిక్కులున్నాయి. కారును పెద్ద కంటెయినరు లారీలో తీసుకుపోతామని చెప్పి డబ్బు తీసుకుని, ఒక డ్రైవరును పెట్టి రోడ్డు మీద నడిపించేస్తారు కొందరు. మనకు ఎలా తెలుస్తుంది? కిలోమీటర్ల మీటరు ఫోటో తీసుకోండి, కంపెనీవాడి కాగితం మీద కూడా ఆ అంకె రాయించండి. అద్దానికి అంటించిన ఫాస్టాగ్ వుంటే ఇంకా సులువు. టోలుగేటు దాటినప్పుడల్లా మీ ఫోనుకు మెసేజీ వస్తుంది. లారీలో కూర్చున్న కారుకు టోలు డబ్బు ఎందుకు పడుతుంది చెప్పండి? పెట్రోలు కాస్తే వుంచండి. ఆర్.సి., ఇన్సూరెన్సు నకళ్లే ఇవ్వండి, అసలువి మీ దగ్గరే వుండాలి. డిక్కీలో సామాను సర్ది పంపడం కొందరికి అలవాటు. అది రశీదులో ఎక్కదు, పోతే అడిగే దిక్కు వుండదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీ కారుకు పూర్తి ఇన్సూరెన్సు వుంటే, బండిని రోడ్డు మీదనో రైలులోనో తరలించేటప్పుడు జరిగే నష్టం మామూలుగా ఆ పాలసీలోనే చేరి వుంటుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒక్కటే వుంటే మాత్రం రాదు. పాలసీ కాగితం తీసి చూసుకోండి.

కుప్పంవాళ్లు కొందరు బైకును రైలులో వేస్తారు. మంచిదే. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనెపట్టా చుట్టించాలి. అక్కడా విలువ సంగతే ముఖ్యం. విలువ చెప్పి దానికి తగ్గ రుసుము కట్టకపోతే, 1990 నాటి రైల్వే రూల్సు ప్రకారం పార్సిలుకు కిలోకు 50 రూపాయలు, లగేజీకి కిలోకు 100 రూపాయలు మించి రాదు. 110 కిలోల బైకు పార్సిలులో పోతే 5,500 రూపాయలు. పోయిందని ఆరు నెలల లోపల రైల్వేకు నోటీసు ఇవ్వాలి.

ఇక ఆవిడ కథకు వద్దాం. గ్రైండరు, పెట్టె పోయాయి, ఫ్రిజ్జుకు సొట్ట పడింది. రశీదు మీద అప్పుడే రాసి వుంచింది గనక కంపెనీవాడు కాదనలేకపోయాడు. కానీ రేపు, మాపు అని మూడు నెలలు తిప్పాడు. ఈ తిప్పడం ఊరికే కాదు, గమనించండి. రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సామాను బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోతే ఆ తర్వాత దావాకు దారి వుండదు. సామాను చేరిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి. ఫోనులో నూరుసార్లు మాట్లాడినా అది నోటీసు కాదు. ఆవిడ నోటీసును తెలుగులోనే ఒక పేజీలో రాసింది. బుక్ చేసిన తేదీ, రశీదు నెంబరు, పోయినవి ఏవి, పాడైనవి ఏవి, ఒక్కొక్కటి ఎంత, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇంతే. స్పీడు పోస్టులో పంపి, అందినట్టు కాగితం దాచుకుంది. తర్వాత 1915కు ఫోను చేసింది. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు కంపెనీకి రాశారు. ఆవిడ అడిగింది 23 వేలు. బేరాలాడి చివరికి 14 వేలు ఇచ్చారు. ఆవిడ తీసుకుంది. ఎందుకు ఒప్పుకున్నారని అడిగితే, "గ్రైండరు కొనాల గదమ్మా, ఇడ్లీలకు పిండి ఎన్నాళ్లు బయట కొనేది" అంది. నాకైతే ఆమె ఇంకా గట్టిగా పట్టుకోవలసిందని అనిపించింది, కానీ ఇడ్లీ పిండి ఆమెది.

అలా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషను వుంది. 1986 నాటి చట్టం కింద జిల్లా ఫోరం అనేవాళ్లం. 2019 చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చాక కమిషను అయింది. దానితో మనకు జరిగిన గొప్ప మేలు ఒకటుంది. పూర్వం అవతలివాళ్ల ఆఫీసు వున్న చోటో, తగాదా పుట్టిన చోటో కేసు వేయాలి. బెంగుళూరు కంపెనీ మీద కేసంటే తంబళ్లపల్లె ఇల్లాలు బెంగుళూరు తిరగాలన్నమాట. ఎవరు తిరుగుతారు? ఇప్పుడు మనం ఎక్కడ కాపురం వుంటే అక్కడి కమిషనులోనే వేసుకోవచ్చు. రశీదు వెనక "తగాదాలన్నీ ఫలానా నగరం కోర్టులోనే" అని వున్నా చూసి దడుసుకోకండి. మనం కట్టిన కిరాయి 5 లక్షల లోపు అయితే ఫీజు ఒక్క పైసా లేదు. లెక్కలోకి వచ్చేది కిరాయి, పోయిన సామాను విలువ కాదు. వకీలు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు, ఇంటర్నెట్టు ద్వారా కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. తగాదా పుట్టిన రెండేళ్ల లోపల వేయాలి. అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజులు గడువు, మహా అయితే ఇంకో 15 రోజులు. అంతకు మించి ఇవ్వడానికి లేదని సుప్రీం కోర్టు 2020లో తేల్చేసింది. కేసు మాత్రం చట్టంలో రాసిన మూడు నెలల్లో తేలుతుందని నేను హామీ ఇవ్వలేను. వాయిదాలు మనకు కొత్తా?

సామాను అసలు దించకుండా పట్టుకుపోయినా, మాయం చేసినా అది కమిషను దాకా ఆగే విషయం కాదు. రవాణాకు అప్పగించిన సొత్తును కాజేస్తే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 316వ సెక్షను కింద ఏడేళ్ల దాకా శిక్ష వుంది. లారీ హోసూరులో వుందో, కోలారులో వుందో, మా పరిధి కాదు అని స్టేషనులో అంటే, ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని నెంబరు వేయాలని కొత్త చట్టంలో వుందని మర్యాదగా గుర్తు చేయండి. కిరాయి బాకీ వుంటే ఆ మేరకు సామాను ఆపుకునే హక్కు లారీవాడికి వుంటుంది, అది న్యాయమే. అందుకే రాసుకున్న కిరాయి ముందు బ్యాంకులో కట్టేసి, రశీదు చేత పట్టుకుని స్టేషను మెట్లు ఎక్కాలి. మరీ గతిలేక అదనంగా అడిగింది ఇవ్వవలసి వస్తే, "అభ్యంతరం తెలుపుతూ ఇస్తున్నాను" అని అదే ఫోనులో మెసేజీ పెట్టి అప్పుడు పంపండి. తర్వాత దాన్ని తిరిగి అడగడానికి ఆ ఒక్క వాక్యం పనికొస్తుంది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో కమిషన్లు చిత్తూరులోనూ, తిరుపతిలోనూ పనిచేసేవి. 2022లో జిల్లాలు విడిపోయాయి గనక మీ మండలం ఇప్పుడు దేని కిందికి వస్తుందో బయలుదేరే ముందు ఆ 1915 నెంబరుకే ఫోను చేసి అడగండి. వెళ్లేటప్పుడు లారీ రశీదు, బ్యాంకు రశీదు, నోటీసు నకలు, పోస్టాఫీసు కాగితం, ఫోటోలు, మీ నోటుబుక్కు ఒక సంచిలో పెట్టుకోండి. అన్నింటికీ మూడేసి నకళ్లు తీయించుకోండి, అక్కడ జెరాక్సు షాపులో క్యూ పెద్దది.

సెలవు.